ముందు కాళ్ల మీద నిలబడటం నేర్చుకుందాం

(మౌంటెన్ సైక్లింగ్ కొత్తగా మొదలుపెట్టినవారి కోసం జరిగిన శిక్షణలో, సాధనకు ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు కాస్త ముందుకు వచ్చేయండి. ఈ సైకిల్ అందరికీ కనబడాలి. ఇవాళ నేను నోటితో చెప్పేదానికన్నా దీని మీద నిలబడి చూపించేదే ముఖ్యం.

మీ అందరికీ సైకిల్ తొక్కడం వచ్చు. చాలామందికి చిన్నప్పుడే వచ్చేసి ఉంటుంది. అందుకే కొండదారిలోకి దిగగానే ఒక అయోమయం పట్టుకుంటుంది. "ఇన్నేళ్లుగా తొక్కుతున్నాను కదా, ఇక్కడేంటి హ్యాండిల్ నా మాటే వినట్లేదు?" అంటారు. రోడ్డు మీద మనం సీటు మీద కూర్చుని కాళ్లు ఆడిస్తాం. నేల చదునుగా ఉంటుంది కాబట్టి మన బరువు ఎక్కడ పడుతోందన్న ఆలోచనే రాదు. కొండదారిలో నేల అడుగడుక్కీ మారిపోతుంది. ఒక వేరు, దాని వెనకే ఒక గుంత, ఆ తర్వాత గులకరాళ్లు, పక్కకి వాలిన బండ. కూర్చునే ఉంటే ప్రతి దెబ్బా సీటు మీదుగా నడుముకు తగులుతుంది, అక్కడి నుంచి భుజాలకు, చేతులకు పోతుంది. చేతులు బిగుసుకుంటాయి. చేతులు బిగుసుకుంటే సైకిల్ తిరగదు.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఒకటే. బరువు కాళ్ల మీద ఉండాలి, చేతులు తేలిగ్గా ఉండాలి. దీన్ని చదును నేల మీద, మనిషి నడిచేంత వేగంలో ఒంటికి పట్టించుకోవాలి. మిగతావన్నీ దాని మీదే కట్టుకుంటాం. నేరుగా కొండెక్కి అక్కడే నేర్చుకుందామని బయల్దేరితే భయపడటంతోనే సరిపోతుంది, నేర్చుకోవడానికి మనసు ఖాళీగా ఉండదు.

ఒక చిన్న లెక్క చూడండి. ఈ సైకిల్ బరువు 14 కిలోలు అనుకుందాం. ఎక్కిన మనిషి 70 కిలోలు. మొత్తం 84. అంటే ఆరింట ఐదు వంతులు మనిషే. ఖరీదైన ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే భాగం) గురించి, తేలికైన చక్రాల గురించి ఎంతో మాట్లాడుకుంటాం గానీ, దారి మీద కదిలే బరువులో ఎక్కువ భాగం మన శరీరమే. అది ఎక్కడ ఉందన్నదాన్ని బట్టే చక్రాలకు పట్టు దొరుకుతుంది.

సరే, ఇద్దరు వచ్చి దీన్ని ముందూ వెనకా పట్టుకోండి. థాంక్సండీ. ముందుగా సీటు దించాను, చూశారా. మీ సైకిల్‌కి డ్రాపర్ పోస్ట్, అంటే మీటతో సీటు దిగే గొట్టం, ఉంటే హ్యాండిల్ మీద మీట నొక్కితే చాలు. లేకపోతే క్లాంప్ వదులు చేసి చేత్తో దించుకోండి. సాధన చేసేటప్పుడు సీటు పైన ఉంటే ఒంటికి కదలడానికి చోటే ఉండదు.

ఇప్పుడు నిలబడ్డాను. రెండు పెడళ్లూ ఒకే ఎత్తులో ఉన్నాయి, ఒక కాలు ముందు, ఒకటి వెనక. ఒకటి కిందికి వేలాడుతుంటే అది ఏ రాయికో తగిలి మనిషిని పడేస్తుంది. మడమలు కాస్త కిందికి దించాను. మోకాళ్లు వదులుగా ఉన్నాయి. నడుము దగ్గర వంగాను, పిరుదులు కొంచెం వెనక్కి వెళ్లాయి, ఛాతీ హ్యాండిల్ వైపు దిగింది, మోచేతులు బయటికి వచ్చాయి. ఇప్పుడు నా వేళ్లు చూడండి, ఒక్కొక్కటే తెరుస్తున్నాను. అరచేతులు హ్యాండిల్ మీద ఊరికే ఆని ఉన్నాయి, అంతే. నేను ముందుకు తూలలేదు, వెనక్కీ పడలేదు. నా బరువంతా ఈ రెండు పాదాల కింద ఉంది.

ఇంట్లో గోడకు ఆనించి అయినా సరే, ఈ పరీక్ష ఎన్నిసార్లు చేసుకుంటే అంత మంచిది. హ్యాండిల్‌ని మీరు లాగుతున్నట్టు అనిపిస్తే బరువు వెనక్కి పోయింది. దాన్ని కిందికి నొక్కుతున్నట్టు అనిపిస్తే బరువు ముందుకు వచ్చేసింది. రెండూ కానప్పుడు మీరు సరిగ్గా మధ్యలో ఉన్నారు. దిగుడు దారిలోనూ ఇదే పరీక్ష. నేల వాలుతుంది, సైకిల్ వాలుతుంది, మీ చేతుల్లో మాత్రం లాగుడూ ఉండకూడదు, నెట్టుడూ ఉండకూడదు.

ఇక్కడ కొంచెం ఆగుతాను. మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు: "దిగేటప్పుడు బాగా వెనక్కి జరుగు, సీటు వెనక్కి వెళ్లిపో" అని. ఆ సలహా ఊరికే పుట్టలేదు. పాత మౌంటెన్ బైకులు పొట్టిగా ఉండేవి, ఫోర్క్ దాదాపు 70, 71 డిగ్రీల కోణంలో నిటారుగా నిలబడేది, సీటు పైనే ఉండిపోయేది. ముందుకు తలకిందులు కాకుండా ఉండాలంటే వెనక్కి వేలాడాల్సిందే. ఇప్పటి ట్రెయిల్ బైకుల్లో, అంటే కొండదారుల కోసం చేసిన సైకిళ్లలో, ఆ కోణం 64 నుంచి 66 దగ్గర ఉంటోంది, సైకిల్ పొడుగైంది, ముందు చక్రం మనకు బాగా ముందుగా ఉంటుంది. ఇప్పుడు కూడా అలాగే వెనక్కి వేలాడితే ఏమవుతుంది? ముందు చక్రం మీద బరువు పోతుంది. దారి తిప్పేది ఆ చక్రమే, ఎక్కువగా ఆపేదీ ఆ చక్రమే. దాని మీద బరువు లేకపోతే తిప్పినా తిరగదు, బ్రేకు వేసినా పట్టదు. పైగా చేతులు సాగిపోయి ఉంటాయి కాబట్టి కింద గుంత వస్తే చక్రంతో పాటు దిగడానికి చేతుల్లో పొడవు మిగలదు, మనిషిని సైకిల్ ముందుకు గుంజేస్తుంది. మరీ నిటారుగా ఉన్నచోట, గట్టుమీంచి దిగేచోట క్షణంపాటు వెనక్కి వెళ్లాల్సి వస్తుంది, నిజమే. అక్కడ కూడా వెళ్లి వెంటనే మధ్యకు తిరిగి రావాలి.

బ్రేకుల సంగతికి వస్తాను. కొత్తగా నేర్చుకునేవాళ్లు అతి ఎక్కువగా భయపడేది ముందు బ్రేకుకి. "అది పట్టుకుంటే ఎగిరి పడతాం" అని వెనక బ్రేకు ఒక్కదాన్నే నొక్కుతారు, వెనక చక్రం బిగుసుకుని జారుతుంది, దారి చెక్కుకుపోతుంది, సైకిల్ మాత్రం ఆగదు. ఈ ఆటకు బ్రేకుల చరిత్ర కూడా ఒకటి ఉంది. 1976లో కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ దగ్గర, కొందరు కుర్రాళ్లు లావు టైర్ల పాత సైకిళ్లు తీసుకుని ఒక కొండదారిలో పందెం పెట్టుకున్నారు. ఆ పందేలను చార్లీ కెల్లీ నడిపించేవాడు, గ్యారీ ఫిషర్, జో బ్రీజ్ అందులో పోటీ పడినవాళ్లే. చాలా సైకిళ్లకు పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది. సుమారు మూడున్నర కిలోమీటర్ల దిగుడు అయ్యేసరికి చక్రం మధ్యనున్న హబ్ వేడెక్కి లోపలి గ్రీజు పొగై పోయేది. కిందికి చేరాక విప్పి, కొత్త గ్రీజు కూరితే తప్ప మళ్లీ పనికొచ్చేది కాదు. ఆ దారికి రీప్యాక్, అంటే మళ్లీ కూరడం, అన్న పేరు అలాగే వచ్చింది. ఆ రోజుల్లోనే ఫిషర్ ఆ దారిని 4 నిమిషాల 22 సెకన్లలో దిగాడు. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది హైడ్రాలిక్ డిస్క్ బ్రేకు. చూపుడు వేలు ఒక్కటి చాలు దీనికి. మిగతా మూడు వేళ్లూ, బొటనవేలూ హ్యాండిల్‌ని పట్టుకోవడానికి. రెండు వేళ్లు, మూడు వేళ్లు బ్రేకు లివర్ (మీట) మీద వేసి తొక్కుతున్నారంటే దెబ్బ తగిలినప్పుడు హ్యాండిల్ చేజారిపోతుంది. లివర్ చివరి కొస మీదకు వేలు రావాలి, అక్కడ తక్కువ బలం సరిపోతుంది. అందుకోసం లివర్‌ని కొద్దిగా లోపలికి జరపాల్సి రావచ్చు. ఒక్క స్క్రూ వదులు చేస్తే అయ్యే పని, ఎవరికైనా అలా లేకపోతే బయట చేసి పెడతాను.

బ్రేకు నేర్చుకునే పద్ధతి చెబుతాను. నేల మీద సుద్దతో ఒక గీత గీయండి. పరుగులాంటి వేగంతో వచ్చి, గీత దగ్గర వెనక బ్రేకు మాత్రమే వేయండి. ఎక్కడ ఆగారో గుర్తు పెట్టుకోండి. తర్వాత ముందు బ్రేకు ఒక్కటీ, కానీ లివర్‌ని గబుక్కున కొట్టకుండా పిండుతున్నట్టు నెమ్మదిగా నొక్కండి. తర్వాత రెండూ కలిపి. ముందు బ్రేకుతో ఎంత తక్కువ దూరంలో ఆగుతారో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. కారణం తెలిసిందే, బ్రేకు వేయగానే బరువు ముందుకు దూకుతుంది, ముందు టైరు నేలకు అదుముకుంటుంది, వెనకది తేలికవుతుంది. ఆ క్షణంలో మడమలు కిందికి నొక్కి, నడుము కొంచెం దించి వెనక్కి తీస్తే ఆ తోపును కాళ్లు మోస్తాయి. చేతులతో మోయబోతేనే మనిషి హ్యాండిల్ మీదుగా వెళ్లేది. ఇంకో మాట. వేగం రెట్టింపయితే ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. అందుకే ఈ అభ్యాసం నెమ్మదిగా మొదలుపెట్టి మెల్లగా వేగం పెంచుకోవాలి.

మలుపులు. ఇది చాలా చెప్పుకోవాల్సిన విషయం గానీ అసలు కీలకం ఒక్కచోటే ఉంది. టైరుకున్న పట్టు ఒక చెంబెడు నీళ్లనుకోండి. దాంతోనే కాళ్లు కడుక్కోవాలి, దాంతోనే దాహం తీర్చుకోవాలి. బ్రేకుకు చెంబంతా ఖర్చు పెట్టేస్తే తిరగడానికి చుక్క మిగలదు. మలుపులో జారిపడ్డవాళ్లని అడిగి చూడండి, చాలామంది మలుపు మధ్యలో కంగారుపడి బ్రేకు నొక్కినవాళ్లే. వేగం తగ్గించే పని మలుపుకు ముందే, సైకిల్ నిలువుగా ఉన్నప్పుడే అయిపోవాలి. లోపలికి వచ్చాక వేలు లివర్ మీద ఉన్నా ఊరికే ఉండాలి.

తిరిగేటప్పుడు సైకిల్‌ని వంచండి, మీరు దాని మీద నిటారుగా ఉండండి. రోడ్డు సైకిల్ మీద మనమూ సైకిలూ కలిసి వాలడం అలవాటు కాబట్టి మొదట్లో ఇది వింతగా ఉంటుంది. ఎడమవైపు తిరగాలంటే ఎడమ చేత్తో హ్యాండిల్‌ని కిందికి నొక్కండి, సైకిల్ ఎడమకు వాలుతుంది. నడుము మాత్రం కొద్దిగా కుడివైపు ఉండిపోతుంది. గట్టు లేని చదును మలుపులో బయటి కాలు, అంటే ఇప్పుడు కుడికాలు, కిందికి దించి బరువంతా దాని మీద వేయండి. బరువు టైరు అంచు గుబ్బల మీదకు దిగి నేలను కరుస్తుంది. పక్కన మట్టి గట్టు కట్టిన మలుపైతే పెడళ్లు సమంగానే ఉంచి తిరగొచ్చు. కోన్లు పెట్టుకుని ఇటూ అటూ తిరుగుతూ సాధన చేస్తే సరిపోతుంది, కోన్లు లేకపోతే చెప్పులు పెట్టుకోండి.

కళ్లు ఎక్కడుంటే సైకిల్ అక్కడికి పోతుంది. ఏ రాయిని తప్పించుకోవాలని దాన్నే చూస్తూ పోతామో సరిగ్గా దాన్నే గుద్దుతాం. గంటకు 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. మీ చూపు ముందు చక్రానికి రెండు మీటర్ల దూరంలోనే ఉంటే మీకు ఉన్న వ్యవధి అర సెకను కూడా కాదు. పది మీటర్ల దూరం చూస్తే దాదాపు రెండు సెకన్లు వస్తుంది, ఆ రెండు సెకన్లలో ఎంతో చేయొచ్చు. రాయిని ఒకసారి గమనించండి, దాని పక్కనున్న ఖాళీని చూడండి, చూపుని ఇంకా ముందుకు పంపేయండి. మలుపులో అయితే గడ్డాన్ని మలుపు చివరి వైపు తిప్పండి. గడ్డం తిరిగితే భుజాలు తిరుగుతాయి, వాటితోపాటు నడుమూ తిరుగుతుంది.

ఇప్పుడు అందరికీ ఇష్టమైనది, ముందు చక్రం ఎత్తడం. మీరు కొంచెం వదలండి దీన్ని. చాలామంది హ్యాండిల్‌ని భుజబలంతో పైకి గుంజుతారు. చక్రం బెత్తెడు లేస్తుంది, వెంటనే పడిపోతుంది, నడుము నొప్పి మిగులుతుంది. అసలు పని కాళ్లది. చూడండి, ముందు ఒంటిని కిందికి నొక్కాను, మోచేతులు, మోకాళ్లు వంగాయి, టైర్లు అదిమి వదిలినట్టయ్యాయి. ఆ లేచే ఊపులోనే నడుము వెనక్కి తీస్తూ పాదాలతో పెడళ్లను ముందుకు తోశాను, చేతులు చాచాను. లాగలేదు, చాచానంతే. చక్రం దానంతటదే పైకి వచ్చింది. నేల మీద ఒక సన్నని కర్ర పెట్టుకుని దాన్ని దాటించడంతో మొదలుపెట్టండి. కర్ర తగలకుండా పోతుంటే కొంచెం లావుది పెట్టండి. ఒక వేలు వెనక బ్రేకు మీద ఎప్పుడూ ఉండాలి. చక్రం అవసరానికి మించి లేస్తున్నట్టు అనిపిస్తే వెనక బ్రేకు తాకిస్తే చాలు, ముందు భాగం కిందికి దిగిపోతుంది. ఆ నమ్మకం కుదిరాకే శరీరం ధైర్యంగా వెనక్కి వెళ్లగలుగుతుంది.

వెనక చక్రానికి ఇంకో రకం. పాదాల వేళ్లు కిందికి వంచి, పెడళ్లను అరికాళ్లతో వెనక్కి, పైకి గీరినట్టు తీయాలి. బూట్లు పెడల్‌కు బిగించే క్లిప్పులతో నేర్చుకుంటే ఇది రాదు, ఎందుకంటే కాలు ఎత్తితే సైకిలే వచ్చేస్తుంది, చేసే పని ఏంటో ఒంటికి తెలియదు. అందుకే మొదట్లో పిన్నులున్న చదును పెడళ్లు, అడుగు మెత్తగా పట్టు ఉండే బూట్లు వాడమంటాను. ఈ రెండు ఎత్తడాలు విడివిడిగా బాగా కుదిరాక వాటిని ఒకదాని వెంట ఒకటి కలిపితే అదే బన్నీ హాప్. దానికి తొందర లేదు.

ఎక్కుడు దారి గురించి త్వరగా చెప్పేస్తాను. గేరు ఎత్తు మొదలవక ముందే మార్చుకోవాలి. సీటు కొస మీదకు జరిగి, ఛాతీ దించి, మోచేతులు కిందికి మడిచి కూర్చునే తొక్కండి. లేచి నిలబడితే వెనక టైరు మీద బరువు తగ్గి చక్రం ఊరికే తిరుగుతుంది. ఇక్కడ నియమం కాస్త తిరగబడిందని మీరు అడగొచ్చు. ఎక్కేటప్పుడు వెనక టైరుకు పట్టు ఇవ్వడానికే సీటు వాడుకుంటున్నాం, అయినా చేతులు మాత్రం అప్పుడూ తేలిగ్గానే ఉండాలి.

నాకు వీటన్నిటిలో అతి ఇష్టమైన సాధన కదలకుండా నిలబడటం. ట్రాక్ స్టాండ్ అంటారు. కొద్దిగా ఎత్తు ఉన్న నేల చూసుకోండి. పెడళ్లు సమంగా, మీకు అలవాటైన కాలు ముందు. హ్యాండిల్‌ని ఆ కాలి వైపు కొంచెం తిప్పి, ఆగండి. వాలుకు సైకిల్ వెనక్కి పోబోతుంటుంది, ముందు పెడల్‌ని కాస్త నొక్కితే ముందుకు వస్తుంది. ఆ రెండింటి మధ్యా ఊగుతూ నిలబడటమే. మొదట్లో ఒక సెకను కూడా నిలవదు, నిరాశపడకండి. ఇది వచ్చాక రాళ్ల మధ్య ఆగి, చూసి, మళ్లీ కదలగలుగుతారు. ఇరుకు మలుపుల్లో కాలు కింద పెట్టరు. ఇద్దరు ముగ్గురు కలిసినప్పుడు నిదానపు పందెం పెట్టుకోండి, అందరికన్నా ఆఖరున గీత చేరినవాళ్లు గెలిచినట్టు. వేగంగా వెళ్లేటప్పుడు సైకిల్ దానంతటదే నిలబడుతుంది, మన లోపాలన్నీ దాక్కుంటాయి. నెమ్మదిగా వెళ్తేనే అవి బయటపడతాయి, సరిదిద్దుకోవచ్చు.

దారిలోకి దిగాక ఒక్క అలవాటు మాత్రం విడిచిపెట్టకండి. తెలియని చోటు వస్తే ఆగి, దిగి, నడిచి చూడండి. టోక్యో ఒలింపిక్స్ మౌంటెన్ బైక్ పోటీ 2021 జులైలో జరిగింది. మాథ్యూ వాన్ డెర్ పోల్ లాంటివాడు, ప్రపంచంలో అందరికన్నా గొప్ప సైకిలిస్టుల్లో ఒకడు, మొదటి రౌండులోనే ఒక బండ మీంచి దిగబోయి హ్యాండిల్ మీదుగా పడ్డాడు. సాధన చేసినప్పుడు అక్కడ ఒక చెక్క ర్యాంప్ ఉంది, పోటీ రోజుకు తీసేశారు. అది తీసేశారన్న సంగతి తనకు తెలియదని తర్వాత చెప్పాడు. నేర్పులో లోటు లేదు, చోటు మారిందని తెలియకపోవడమే. కాబట్టి పైనుంచి చూసినప్పుడు కింద ఏముందో కనబడకపోతే నడిచి వెళ్లి చూడండి. చక్రం ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ దిగాలి, ఆ తర్వాత ఆగడానికి చోటుందా. అది చూసుకున్నాక కూడా ఒళ్లు వద్దంటే సైకిల్ నడిపించుకుని దిగండి. ఇంకో రోజు రావచ్చు. అదే చోటుకు మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి దిగడం చాలా మంచి సాధన, దారంతా ఒకసారి తిరిగి రావడం కన్నా దానివల్లే ఎక్కువ వస్తుంది. ఒళ్లు అలసిపోయాక మాత్రం ఆపేయండి. కాళ్లు అలిసిపోతే బరువు చేతుల మీదకు జారుతుంది, అక్కడి నుంచే పడటం మొదలవుతుంది.

(సభలోంచి: దిగుడులో నాకు చేతులు బాగా నొప్పి పుడతాయండీ, ముంజేతులు రాయిలా అయిపోతాయి.)

అవునమ్మా, చాలామందికి అదే. ముందు చూసుకోవాల్సింది మడమలు. మడమలు పైకి లేచి ఉంటే దెబ్బ కాళ్లలో ఆగదు, చేతుల్లోకి వస్తుంది. తర్వాత, బ్రేకుని కిందివరకూ పట్టుకునే ఉంటున్నారేమో చూడండి. గట్టిగా పట్టి, వదిలి, మళ్లీ పట్టండి. వదిలిన ఆ కాసేపట్లో చేతులకు రక్తం వస్తుంది, డిస్కు కూడా చల్లబడుతుంది.

(సభలోంచి: పడిపోతానని తెలిసిపోతే ఏం చేయాలి?)

నెమ్మదిగా ఉంటే సైకిల్‌ని వదిలేసి దాని వెనక నుంచి దిగిపోండి. దాన్ని కాపాడాలని పట్టుకోకండి. చేయి తిన్నగా చాచి నేలకు ఆనించబోతే మణికట్టో, కాలర్ బోనో విరుగుతుంది, మోచేయి వంచి భుజం మీదుగా దొర్లడానికి ప్రయత్నించండి. ఇదీ గడ్డిలో సాధన చేయాల్సిందే. హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, చేతి తొడుగులు ఇవాళ అందరికీ ఉండాలి. లేనివాళ్లు ఆ బల్ల దగ్గర తీసుకోండి.

(సభలోంచి: టైర్లలో గాలి ఎంత ఉండాలి?)

మంచి ప్రశ్న, దాంతోనే బయటకు వెళ్దాం. మీలో చాలామంది టైర్లు రాయిలా గట్టిగా ఉన్నాయి, ఇందాక నొక్కి చూశాను. 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైరుకు, 70 కిలోల మనిషికి ముందు 22, వెనక 25 పిఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టండి. ట్యూబు ఉంటే రెండు మూడు పెంచండి, లేకపోతే రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి ట్యూబు తెగుతుంది. మలుపులో టైరు పక్కకి మడత పడుతున్నట్టు ఉంటే ఒకటి పెంచండి, రాళ్ల మీద గంతులేస్తుంటే ఒకటి తగ్గించండి. పంపు, గేజి రెండూ తలుపు పక్కనే ఉన్నాయి. అందరూ సీట్లు దించుకుని, గాలి సరిచేసుకుని మైదానంలోకి రండి, మొదట వేళ్లు తెరిచి నిలబడే పరీక్ష చేద్దాం.